పాత బియ్యం, కొత్త బియ్యం: పక్కపక్కన పెట్టి రుచి చూడడం

ఒకే రకం బియ్యం పంట పంటకీ రుచి మారుతుంది. ఒకే పంట బియ్యం నిల్వ ఉన్నకొద్దీ మళ్లీ మారుతుంది. మొదటి మార్పు పొలంలో జరిగేది, రెండోది పురిలోనో గోదాములోనో జరిగేది. గోదావరి జిల్లాల్లో బియ్యం కొనేవాళ్లు మామూలుగా ఈ రెంటినీ ‘పాతవా, కొత్తవా’ అనే ఒక్క ప్రశ్నలో కలిపేస్తారు. కొట్టు యజమాని ‘పాతవేనండీ’ అంటాడు, బస్తా ఆటో ఎక్కుతుంది. ఇంటికొచ్చాక అన్నం ముద్దయితే తప్పు బియ్యానిదా, ఎసరుదా, వండినవాళ్లదా అన్న తగువు మిగులుతుంది. రుచిని విడదీసి చూడడం అలవాటైతే ఈ తగువు ఒక పూట వంటతో తేలిపోతుంది.

ఈ విద్యను బాగా సాధన చేసినవాళ్లు వైన్ రుచి చూసేవాళ్లు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ఒకే తోటకు చెందిన వేర్వేరు సంవత్సరాల ఎర్ర వైన్లను వరసగా పెట్టి తాగి చూస్తారు. దీన్ని నిలువు పోలిక అనుకోవచ్చు. ఒకే ఏడాదివి, వేర్వేరు తోటలవి పెడితే అది అడ్డ పోలిక. ద్రాక్ష కోతకు ముందు వాన పడిందా, ఎండ కాసిందా అన్నది గ్లాసులో తెలుస్తుంది. 1982 బోర్డోలో పేరుమోసిన ఏడాది. అదే 1982లో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి ఎంటీయూ 7029 విడుదలైంది. జనం నోట అది స్వర్ణ. వశిష్ట, మసూరి రకాలను కలిపి పుట్టించిన వంగడం. ఆ ఏటి బోర్డో సీసాలు ఇప్పటికీ వేలంపాటల్లో చేతులు మారుతుంటాయి. ఆ ఏటి స్వర్ణ బియ్యం ఎప్పుడో తిని అరిగిపోయాయి, విత్తనం మాత్రం దేశమంతా పాకింది.

నిలువు పోలిక బియ్యానికి కూడా నప్పుతుంది. కాకపోతే ఒక చిక్కుంది. వైన్ సీసా మీద పంట ఏడాది అచ్చేసి ఉంటుంది. బియ్యం బస్తా మీద ఉండేది ప్యాక్ చేసిన నెల. రెండేళ్ల కిందటి ధాన్యాన్ని నిన్న మర ఆడించినా బస్తా మీద ఈ నెలే పడుతుంది. నిరుడు ఆడించి మూలన పడేసిన బియ్యానికి నిరుటి నెల ఉంటుంది. కాబట్టి ఆ తేదీని బట్టి వయసు కట్టడం కుదరదు.

పంట తేడా

డెల్టాలో రెండు పంటలు. జూన్, జులైల్లో ఊడ్చి నవంబరు, డిసెంబరుల్లో కోసేది సార్వా. డిసెంబరు, జనవరుల్లో నాటి ఏప్రిల్ ప్రాంతంలో కోసేది దాళ్వా. సార్వా గింజ చలి మొదలయ్యే రోజుల్లో నెమ్మదిగా పాలు పోసుకుని గట్టిపడుతుంది. దాళ్వా గింజ ఎండ ముదిరే వేళకు పండుతుంది. వేడికి గింజ లోపల సన్నని పగుళ్లు పడతాయి, నడుమ సున్నం చుక్కలా పొట్ట తెలుపు కనిపిస్తుంది, మరలో నూక ఎక్కువ పోతుంది. అందుకే దాళ్వా ధాన్యంలో పెద్ద భాగాన్ని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యంగా మారుస్తారు. ఉడికిస్తే పగుళ్లు అతుక్కుంటాయి, నూక తగ్గుతుంది. బొండాలు అని పిలిచే ఎంటీయూ 3626 అలా ఉప్పుడు బియ్యమై కేరళకు పోతుంది. సొంత జిల్లాలో దాన్ని కంచంలో పెట్టుకునేవాళ్లు తక్కువే.

సార్వాకు ఎండ భయం లేదు గానీ తుపాను భయం ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి జిల్లాల్లో కోసిన పనలు, కళ్లాల్లో రాశులు తడిసిపోయాయి. తడిసిన ధాన్యం రాశిలోనే వేడెక్కుతుంది, గింజ పసుపుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. బియ్యం చూసి వయసు చెప్పేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. పాతబడిన బియ్యం కూడా కాస్త పసుపుబారుతాయి మరి. తేడా ఏమిటంటే, వయసుతో వచ్చే రంగు గింజలన్నిటికీ సమంగా, లేత మీగడ రంగులో ఉంటుంది. తడిసిన ధాన్యపు రంగు కలగాపులగంగా ఉంటుంది. పది గింజలు తెల్లగా ఉంటే నాలుగు పచ్చగా, ఒకటి గోధుమ రంగులో కనిపిస్తాయి. గుప్పెడు బియ్యం నల్లటి పళ్లెంలో పోసి కిటికీ వెలుగులో చూస్తే ఇది ఇట్టే పట్టుబడుతుంది. ట్యూబులైటు కింద పట్టుబడదు.

కొన్ని ఏళ్లకు పంటే ఉండదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. ఆ ఏటి బియ్యం చాలా చేలకు అసలు లేవు.

నిల్వలో జరిగేది

ధాన్యం పురిలో ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల పని నడుస్తూనే ఉంటుంది. గింజలోని కొద్దిపాటి కొవ్వు విడిపోయి, పిండిపదార్థంలోని అమైలోజ్‌ను పట్టుకుంటుంది. మాంసకృత్తుల పోగుల మధ్య గంధకపు బంధాలు పెరిగి పిండి రేణువుల చుట్టూ ఒక వలలా బిగుస్తాయి. అలాంటి గింజను ఎసట్లో పోస్తే నీళ్లు ఎక్కువ తాగుతుంది, కానీ పగిలి పిండిని బయటికి వదలదు. మెతుకు పొడుగ్గా సాగుతుంది, విడివిడిగా ఉంటుంది, గంజి పలచగా దిగుతుంది. కొత్త గింజకు ఈ కట్టుదిట్టం ఉండదు. అది నీళ్లు కొద్దిగానే తాగి, అంచుల్లో చితికి, పిండిని గంజిలోకి వదిలేస్తుంది. ముద్ద అయ్యేది అందుకే.

ఈ మార్పుల్లో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు నెలల్లోనే జరిగిపోతుంది. తర్వాత నడక మందగిస్తుంది. అంచేత ఆరు నెలల బియ్యానికీ ఏడాది బియ్యానికీ ఉండే తేడా కంటే, నెల బియ్యానికీ ఆరు నెలల బియ్యానికీ ఉండే తేడా ఎక్కువ. ‘మూడేళ్ల పాతవి’ అని ఎక్కువ ధర చెప్పే చోట ఈ సంగతి గుర్తుండాలి. వైన్ దశాబ్దాలు ఓపిక పట్టగలదు. బియ్యానికి అంత ఆయుష్షు లేదు. తవుడు తాలూకు నూనె ముక్కిపోతుంది, గోనె వాసన ఎక్కుతుంది, ముక్కుపురుగు పడుతుంది. బియ్యంగా కంటే ధాన్యంగా దాచినప్పుడు పైన ఊక ఉంటుంది కనుక ఈ చెడుగు ఆలస్యంగా వస్తుంది. దంపుడు బియ్యం తవుడుతోనే ఉంటాయి కాబట్టి అన్నిటికంటే ముందు ముక్కుతాయి. తేమ సంగతి కూడా చూడాలి. ప్రభుత్వం ధాన్యం కొనేటప్పుడు 17 శాతం దాకా ఒప్పుకుంటుంది. నిల్వకు మాత్రం 13, 14 శాతానికి ఎండాలి. పచ్చి మీద పురి కట్టిన ధాన్యం పాతబడదు, పాడవుతుంది.

పాతవే గొప్ప అనే తీర్పు ప్రపంచమంతటా లేదు. బాస్మతిని ఏడాది, రెండేళ్లు నిల్వ ఉంచి అమ్మడం రివాజు. దానివల్ల మెతుకు సాగుతుంది గానీ సహజమైన పరిమళం కొంత పోతుంది. ఇటలీలో వెర్చెల్లి ప్రాంతపు ఆక్వెరెల్లో బియ్యాన్ని కనీసం ఏడాది, కొంత సరుకును ఏడేళ్లు నిల్వ ఉంచి అమ్ముతారు. జపానులో వరస తిరగబడుతుంది. అక్కడ జిగురుగా, మెరుస్తూ ఉండే కొత్త పంటకే గిరాకీ. ఆ ఏడు పండి, డిసెంబరు ఆఖరులోగా ప్యాక్ అయిన బియ్యానికే ‘షిన్‌మై’, అంటే కొత్త బియ్యం, అని పేరు వేస్తారు. చాప్‌స్టిక్కులతో తినేవాళ్లకు మెతుకులు అతుక్కోవాలి. పప్పు, పులుసు కలుపుకుని చేత్తో తినేవాళ్లకు విడిపోవాలి.

నమూనాలు తెచ్చుకోవడం

పోలికకు ఒక నియమం: నమూనాల మధ్య ఒక్క తేడాయే ఉండాలి. వయసును పరీక్షించాలంటే రకం, పంట, మిల్లు, పాలిష్ ఒకటే అయి ఏడాది మాత్రం మారాలి. నిరుటి సార్వా స్వర్ణ పక్కన మొన్నటి సార్వా స్వర్ణ పెట్టాలి. నిరుటి సాంబ మసూరి పక్కన మొన్నటి స్వర్ణ పెట్టి ‘పాతవి సన్నగా ఉన్నాయి’ అనడం కద్దు. సన్నదనం రకానిది, వయసుది కాదు. బాపట్లలో పుట్టి 1986లో బయటికొచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204, కోసిన రోజున కూడా స్వర్ణ కంటే సన్నగానే ఉంటుంది.

ఇలాంటి నమూనాలు సూపర్‌మార్కెట్లో దొరకవు. కౌలుకిచ్చిన పొలం గింజలు ఇంటికొచ్చేవాళ్లకు, రైతుతో నేరుగా మాటున్నవాళ్లకు సులువు. తక్కినవాళ్లు ఊళ్లో చిన్న మిల్లును ఆశ్రయించాలి. తలా ఒక కిలో చాలు. పాత ధాన్యం, కొత్త ధాన్యం ఒకే రోజు ఆడిస్తే అన్నిటికంటే మేలు.

మిల్లులో తప్పక అడగాల్సిన ప్రశ్న ‘పచ్చివా, స్టీమువా’ అని. కొత్త ధాన్యానికి ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఆడిస్తే బియ్యం పాతవాటిలాగే పొడిపొడిగా వండుతాయి. ఇందులో మోసమేమీ లేదు, స్టీమని చెప్పి అమ్మినంతవరకు. వయసు పోలికలో మాత్రం అవి దూరకూడదు. ఆవిరి చేసిన పనిని కాలం చేసిందని పొరబడే ప్రమాదం ఉంటుంది.

పచ్చి గింజ దగ్గర

వండకముందే సగం సంగతి తెలుస్తుంది. గుప్పెడు బియ్యం తీసుకుని అరచేతిలో మూసి, వేళ్ల సందులోంచి వెచ్చని ఊపిరి ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. కొత్తవాటికి పచ్చి గడ్డి, పాలు కలిసినట్టుండే వాసన ఉంటుంది. బాగా నిలవైనవాటికి వాసన దాదాపు ఉండదు. నిల్వ చెడినవాటికి తవుడు ముక్కిన వాసన, చెమ్మ వాసన వెచ్చదనానికి పైకొస్తాయి. చల్లగా ఉన్నప్పుడు ఇవి దాక్కుంటాయి.

తర్వాత ఒక్క గింజ పంటికింద పెట్టాలి. పాత గింజ ‘టక్కు’మని రెండు ముక్కలవుతుంది. కొత్త గింజ కాస్త నలిగి, పిండై, పళ్లకు అంటుకుంటుంది. పూర్వం ధాన్యం బేరగాళ్లు మాటకు ముందు గింజ నోట్లో వేసుకునేది ఇందుకే. అప్పట్లో తేమ చూసే మిషను వాళ్ల పన్నే.

కడుగు నీళ్లు కూడా చెబుతాయి గానీ పూర్తిగా నమ్మకూడదు. కొత్త బియ్యం కడుగు చిక్కగా తెల్లగా వస్తుంది నిజమే. పాలిష్ తక్కువ పట్టిన పాత బియ్యానికీ అలాగే వస్తుంది.

వంట

పోలిక కోసం వండేటప్పుడు కుక్కరు, అత్తెసరు రెండూ పనికిరావు. కొలిచి ఎసరు పెడితే, కొత్తవాటికి సరిపోయిన నీళ్లు పాతవాటికి చాలవు. పాతవాటికి సరిపోయినవి కొత్తవాటిని జావ చేస్తాయి. ఏ కొలత పెట్టినా ఒకదానికి అన్యాయం జరుగుతుంది. గంజి వార్చే పద్ధతిలో నీళ్లకు కరువుండదు కాబట్టి ఏ గింజ తాగగలిగినంత అది తాగుతుంది. ఇళ్లలో వార్చడం మానేసి చాలా కాలమైంది, ఈ పరీక్షకు మాత్రం దానికి సాటి లేదు.

ప్రతి నమూనా 100 గ్రాములు తూచి, రెండుసార్లు కడిగి, మరుగుతున్న లీటరు నీళ్లలో వేయాలి. గిన్నెలు ఒకే సైజువి, నీళ్లు ఒకే చోటివి అయి ఉండాలి. పన్నెండు నిమిషాలు దాటాక రెండేసి నిమిషాలకు ఒక మెతుకు తీసి రెండు గాజు ముక్కల మధ్య నొక్కి చూడాలి. నడుమ తెల్లటి చుక్క కనబడితే ఇంకా పలుకు ఉన్నట్టు. చుక్క పోయిన నిమిషాన్ని రాసుకుని వెంటనే వార్చాలి. అన్నిటికీ ఒకే సమయం పెట్టకూడదు, పాతవి సాధారణంగా రెండు మూడు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాయి. వార్చిన గంజిని నమూనాకొక గాజు గ్లాసులో పట్టి పక్కన పెట్టాలి. అన్నం మూత పెట్టి పది నిమిషాలు మగ్గనిచ్చి తూచాలి.

తూకం మామూలుగా రెండున్నర నుంచి మూడు రెట్ల మధ్య వస్తుంది. పాతవి పైఅంచుకు, కొత్తవి కిందిఅంచుకు దగ్గరగా ఉంటాయి. ‘పాత బియ్యం ఒదుగుతాయి’ అనే మాటకు ఇదే లెక్క. ఇల్లు గడిపేవాళ్లు పాతవాటికి ఎక్కువ ధర ఎందుకు ఇస్తారో కూడా ఇక్కడ అర్థమవుతుంది, రుచి తర్వాతి మాట. ఈలోగా గంజి గ్లాసులు చల్లారతాయి. కొత్త బియ్యపు గంజి చిక్కబడి పైన తెట్టు కడుతుంది, గ్లాసు వంచితే నెమ్మదిగా కదులుతుంది. పాతవాటి గంజి నీళ్లలా ఉండి అడుగున పలచని తెల్లటి పొర పేరుస్తుంది. అన్నం నోట్లో పెట్టుకోకముందే కళ్లెదుట కనిపించే రుజువు ఇది.

రుచి

పొద్దున పది, పదకొండు మధ్య వేళ మంచిది. కాఫీ తాగి, ఆవకాయ తిని కూర్చుంటే నాలుక సహకరించదు. ఒక పూటకు నాలుగు నమూనాలు మించకూడదు. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించాలి. ముందు వట్టి అన్నం, ఉప్పు కూడా లేకుండా. మొదట వేళ్లతో నలిపి జిగురు చూడాలి, తర్వాత వాసన, తర్వాత నమలడం. ఇరవైసార్లు నమిలితే అన్నంలోని తీపు బయటపడుతుంది. లాలాజలం పిండిని చక్కెరగా విడగొట్టేది అప్పుడే. మింగాక నోట్లో మిగిలే రుచి, అంటే కమ్మదనమో చప్పదనమో ముక్క వాసనో, ఆఖర్న రాసుకోవాలి.

రాయడం మాటల కంటే ముందు జరగాలి. ఇంట్లో అత్తగారు ‘ఇవే పాతవి’ అన్నాక కోడలి నాలుకకు వేరే రుచి తెలియడం కష్టం. ధరకు, పేరుకు కూడా ఇంతే బలం ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వ్యాపారి సీసాల పేర్లు దాచి ఫ్రెంచి నిపుణుల చేత వైన్ రుచి చూపించాడు. ఎర్ర వైన్లలో వాళ్లు మొదటి స్థానం ఇచ్చింది కాలిఫోర్నియా సీసాకు, 1973 నాటి స్టాగ్స్ లీప్‌కు. పేర్లు కనిపిస్తుంటే ఆ తీర్పు వచ్చేది కాదని వాదించనక్కర్లేదు, వాళ్ల ముఖాలే చెప్పి ఉంటాయి.

ఇంట్లో పేర్లు దాచడానికి మూడు గిన్నెల పద్ధతి చాలు. వడ్డించేవాళ్లు రెండు గిన్నెల్లో ఒకే బియ్యపు అన్నం, మూడో దాంట్లో వేరేది పెట్టి, అడుగున అంకెలు వేసి, వరస మార్చి ఇస్తారు. తినేవాళ్లు వేరైనది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్క ప్రయత్నానికి విలువ లేదు. ఆరుసార్లలో అయిదు సరిగ్గా చెప్పగలిగితే నాలుకకు నిజంగా తేడా తెలిసినట్టే. ఊహతో అంత రావడానికి నూటికి రెండు వంతుల అవకాశం కూడా లేదు. ఆరు నెలలవీ ఏడాదివీ పెట్టినప్పుడు చాలామంది ఇక్కడ తప్పుతారు. అది నాలుక లోపం కాదు, అక్కడ ఉన్న తేడాయే చిన్నది.

కూరతో, పులుసుతో

వట్టి అన్నానికి వచ్చిన తీర్పు కంచంలో తిరగబడొచ్చు. అందుకని రెండో విడతలో ఒకే పప్పు, ఒకే పులుసు, ఒకే పెరుగు అన్ని నమూనాల్లోనూ కలిపి చూడాలి. చేపల పులుసులో కొత్త బియ్యపు అన్నం పులుసును పైపైనే ఉంచి తాను ముద్దవుతుంది. పాతది పులుసును మెతుకు మెతుక్కీ పట్టించుకుంటుంది. పులిహోరకు పాతవే నయం, నూనె, చింతపండు గుజ్జు పట్టించి కలిపినా మెతుకు విరగదు. పెరుగన్నం దగ్గర అభిప్రాయాలు చీలతాయి. మెత్తగా పిసుక్కునేవాళ్లు కొత్తవాటికే ఓటేస్తారు, వాళ్లది తప్పనడానికి లేదు. సంక్రాంతి పొంగలికీ పరమాన్నానికీ కొత్త బియ్యమే వాడడం పండగ ఆచారం మాత్రమే కాదు, పాలూ బెల్లమూ చిక్కగా పట్టుకోవడానికి ఆ జిగురే కావాలి. పాతవాటితో పరమాన్నం చేస్తే పాలు వేరు, మెతుకు వేరు అన్నట్టు ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకుకు మళ్లీ లెక్క వేరు. కుండ మీద కాగితంలా తేలే ఆ రేకుకు జయ రకం బియ్యం ఎంచుకుంటారు, అక్కడ వయసు కంటే రకం ముఖ్యం.

కొత్త బియ్యం అరగవని, జబ్బుమనిషికి పాతవే పెట్టాలని పెద్దలు చెబుతారు. ఏడాది నిలవున్న ధాన్యం తేలిక అన్నది ఆయుర్వేదపు మాట. ముద్దగా ఉండే అన్నాన్ని జనం నమలకుండా మింగేస్తారన్నది కూడా ఆ బరువుకు ఒక కారణం కావచ్చు.

ప్రతి నమూనాలో కొంత అన్నం మూత పెట్టి రాత్రంతా ఉంచి పొద్దున చద్దిగా చూడడం మంచిది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా మురిపించిన కొన్ని రకాలు తెల్లారేసరికి రాళ్లవుతాయి. పొద్దున బాక్సు కట్టుకుని వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం తినేది ఆ చల్లారిన అన్నమే, కాబట్టి వాళ్లకు ఈ పరీక్షే అసలుది.

కాగితం మీద నమూనాకొక వరస చాలు: రకం, సార్వానో దాళ్వానో, కోసిన నెల, ఆడించిన నెల, పచ్చివో స్టీమువో, ఉడికిన నిమిషాలు, వండాక తూకం, గంజి తీరు, చద్ది తీరు. మార్కులు వేయడం కంటే దేనికి పనికొస్తుందో రాసుకోవడం ఎక్కువ ఉపయోగం. ‘పులిహోరకు బాగు, పెరుగులోకి బిరుసు’ అన్న మాట ‘పదికి ఏడు’ కంటే ఏడాది తర్వాత ఎక్కువ చెబుతుంది. బస్తా కొనేముందు కొట్టులో అరకిలో అడిగి తెచ్చుకుని వార్చి చూసి, పాత వరసలతో సరిపోల్చుకోవచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం, కొత్త సార్వా ధాన్యం మిల్లులకు చేరి పాత బస్తాల్లో కలిసేది అప్పుడే. కలిపిన బస్తాను కూడా గాజు ముక్కలే పట్టిస్తాయి. ఒకేసారి దించిన మెతుకుల్లో కొన్నిటికి చుక్క పోయి, కొన్నిటికి మిగిలి ఉంటుంది.